తప్పంతా రీడుదే

మా బావ జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు. జరిగిన తప్పులన్నీ ఆయన రీడే చేసింది.

రీడంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకి రెండు ముక్కల్లో చెప్తాను. శాక్సోఫోన్ మూతి దగ్గర ఒక సన్నటి రెల్లు చీలిక బిగించి ఉంటుంది. చూడటానికి ఐస్‌క్రీం పుల్లలాగే ఉంటుంది, కాకపోతే కొస కాగితమంత పలచన. ఊదినప్పుడు అది అదిరితేనే వాద్యం పలుకుతుంది. తడి తక్కువైతే మూగబోతుంది, ఎక్కువైతే గురగురలాడుతుంది, వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే వంకర పోతుంది. ఇదంతా నిజమే. కానీ లోకంలో శాక్సోఫోన్ వాయించేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. రీడు పాడైతే ఇంకోటి బిగించుకుని వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. మా బావ మాత్రం దానితో కాపురం చేశాడు.

బస్సు తప్పిపోతే రీడు నానడం ఆలస్యమైందనేవాడు. పాల గిన్నె పొయ్యిమీద పెట్టి మాడబెడితే రీడు గురించి ఆలోచిస్తున్నాననేవాడు. పెళ్ళయిన కొత్తలో మా అక్క పుట్టినరోజు మరిచిపోయి, రెండు రోజులుగా రీడు సరిగ్గా లేదని సంజాయిషీ ఇచ్చాడట. అక్క అప్పటికి ఆ ఇంటికి కొత్త. పాపం, అదేదో ఒంట్లో ఉండే భాగమనుకుని, డాక్టరుకి చూపించారా అని కంగారుగా అడిగింది. ఆ కంగారు ఎంతోకాలం నిలవలేదు.

వాళ్ళింట్లో దాహమేస్తే మీరు ధైర్యవంతులై ఉండాలి. వంటింట్లో, హాల్లో, కిటికీ గట్టు మీద, ఎక్కడ గ్లాసు కనపడితే అందులో ఒక రీడు నానుతూ ఉండేది. మా అమ్మ ఒకసారి మాత్ర వేసుకుంటూ పెదవికి ఏదో తగిలితే, బల్లి అనుకుని గ్లాసు గోడకేసి కొట్టింది. మా బావ పరుగెత్తుకొచ్చి గాజుపెంకుల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని రీడుని ఏరుకున్నాడు. అత్తగారికేమైనా అయిందా అని అడగాలన్న సంగతి ఆయనకి భోజనాల దగ్గర గుర్తొచ్చింది.

పెట్టెడు రీడులు కొనుక్కొచ్చి వాటిని మూడు జాతులుగా విడదీసేవాడు. బతికినవి, చచ్చినవి, అనుమానంలో ఉన్నవి. బతికినవి ఎప్పుడూ ఒకటో రెండో. చచ్చినవాటిని పారేయడానికి మనసొప్పేది కాదు. అనుమానంలో ఉన్నవాటిని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, దీపం వెలుగులో పెట్టి చూసి, నాకి, మళ్ళీ రుద్దేవాడు. మనిషికి వైద్యం చేసే డాక్టర్లు కూడా అంత సేపు చూడరు.

నోటి మూల రీడు లేకుండా మా బావని చూసినవాళ్ళు తక్కువ. మాట్లాడుతున్నా, క్షవరం చేయించుకుంటున్నా అది అక్కడ నానుతూనే ఉండేది. గుర్తింపు కార్డుకి ఫోటో దిగడానికి వెళ్తే, ఫోటోగ్రాఫరు కెమెరా దించేసి, జ్వరం తగ్గాక రమ్మన్నాడు.

ఇలాంటి మనిషి ఉద్యోగాలు ఎలా చేశాడని మీకు అనుమానం రావచ్చు. చేయలేదు. చేరాడంతే. మొదట ఒక ఫ్యాక్టరీ బ్యాండులో చేరాడు. పెద్ద యజమాని కొత్త యంత్రం మీట నొక్కగానే బ్యాండు మోగాలి. అందరూ మోగించారు. మా బావ చెయ్యెత్తి, ఒక్క నిమిషమండీ అన్నాడు. యజమాని అది తనకే అనుకుని యంత్రం ఆపేశాడు. తర్వాత ఒక డాన్సు హాల్లో చేరాడు. అక్కడ జంటలు ఒకరినొకరు పట్టుకుని అడుగు గాల్లో పెట్టిన సమయంలో పాట ఆపి రీడు మార్చేవాడు. ఆ తర్వాత రేడియోలో అవకాశం వచ్చింది. ప్రత్యక్ష ప్రసారం. పాట మధ్యలో నిశ్శబ్దం. అనౌన్సరు గాభరాపడి చేతికందిన వాతావరణ వార్త చదవడం మొదలుపెట్టాడు. గాలిలో తేమ ఎక్కువగా ఉందని ఆయన చదవగానే, వెనక నుంచి మా బావ గొంతు దేశమంతా వినిపించింది: "నేను చెప్పలా?"

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం రికార్డింగు. గ్రామఫోను కంపెనీ వాళ్ళు ఎక్కడో విని, మనిషిని వెతుక్కుంటూ వచ్చారు. ఎందుకంటే, ఇది కూడా చెప్పాలి, రీడు బాగుందని ఆయన ఒప్పుకున్న కాసేపు మా బావ వాయిస్తుంటే హోటల్లో తినేవాళ్ళ చెంచాలు గాల్లోనే ఆగిపోయేవి. పక్కనే డ్రమ్స్ వాయిస్తున్న నేను కూడా లెక్క తప్పిన సందర్భాలున్నాయి. ఆ రోజు స్టూడియోలో ఆయన అలాగే వాయించాడు. గాజు అవతల కంపెనీ పెద్దమనిషి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. సరిగ్గా చివరి వరసకి వచ్చేసరికి మా బావ నోట్లోంచి శాక్సోఫోన్ తీసి, "లాభం లేదండీ, రీడు" అన్నాడు. పెద్దమనిషి కళ్ళు తెరిచాడు. రికార్డు వచ్చింది. దాని అట్ట మీద వేరే ఆయన బొమ్మ ఉంది.

అలా అన్నిచోట్లా రీడుని నిలబెట్టి, ఉద్యోగాలు పోగొట్టుకుని, చివరికి మా బావ ఒక పాత హోటల్ భోజనశాలలో స్థిరపడ్డాడు. అక్కడ మేం నలుగురం. శాక్సోఫోన్ మా బావ. డ్రమ్స్ నేను. మనిషంత ఎత్తున్న బేస్ వాద్యం వెనక ఒక పొడుగాయన, మాట్లాడగా ఎవరూ వినలేదు. పియానో దగ్గర మాస్టారు.

మాస్టారు మా అందరికన్నా చాలా పెద్దాయన. కోటు మీద ముడత ఉండేది కాదు. మా బావకి జాజ్ నేర్పింది ఆయనే, రికార్డింగు రోజు పియానో వాయించిందీ ఆయనే. ఒంటరి మనిషి. మేడ మీద చిన్న గదిలో ఉండేవారు, ఆ మెట్ల మీదుగా పియానో పైకెక్కదు. అందుకని హోటల్ పియానోయే ఆయన పియానో. మేమింకా కాఫీ తాగుతుండగానే వచ్చి, దాని మూత తీసి, జేబురుమాలుతో దాని నల్లవీ తెల్లవీ మెట్లన్నీ తుడిచి కూర్చునేవారు.

జాజ్‌లో ఒక పద్ధతి ఉంది. పాట ముందు ఒకసారి వాయించేశాక, అదే వరస చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ ఒక్కొక్కరూ తమకి తోచింది వాయిస్తారు. చుట్టులో ఎక్కడున్నామో అందరికీ తెలిసి ఉండాలి. ముఖ్యంగా పియానో ఆయనకి. ఆయన దారి తప్పితే మిగతావాళ్ళం తలో సందులోకీ పోతాం.

హోటల్లో చేరాక మా బావ జబ్బు తగ్గకపోగా ముదిరింది. పూర్వం వారానికోసారి చచ్చే రీడు ఇప్పుడు రోజూ చస్తోంది. పాట నడుమ హఠాత్తుగా ఆగి, చెయ్యెత్తి, "క్షమించాలి, రీడు" అని భోజనాల వాళ్ళకి నమస్కారం పెట్టేవాడు. తర్వాత నిదానంగా నడిచి పియానో మీదున్న దీపం దగ్గరికి వెళ్ళి, జనానికి వీపు పెట్టి వంగి, రీడుని తిప్పి తిప్పి చూసేవాడు. నా పక్కనే అంతకన్నా పెద్ద దీపం ఉండేది. ఇటు రావచ్చు కదా బావా అంటే, నీ దీపం వెలుగు రీడుకి పడదు అనేవాడు. నేను డ్రమ్స్ వెనక కూర్చుని ఆయన ఊపిరి పీల్చడం, తల అడ్డంగా ఊపడం, నాకడం అన్నీ అనుకరించి చూపిస్తే ముందు వరస బల్లల వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. కొందరు వాడుక కస్టమర్లు ఆ ఆట కోసమే వచ్చేవాళ్ళని నా నమ్మకం.

అంతలో కొత్త మేనేజరు వచ్చాడు. టై కట్టుకునే పుట్టి ఉంటాడనిపించే మనిషి. వంటింటి పక్క నడవాలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, మధ్యలో ఆగే సంగీతం తన హోటల్లో నడవదన్నాడు. రాబోయే సెలవురోజు యజమాని కుటుంబంతో, స్నేహితులతో మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారట.

"ఆ రోజు పాట ఆగిందా, ఎవరివల్ల ఆగిందో వాళ్ళు ఆ రోజే ఇంటికి. వయసు, అనుభవం నాకు చెప్పొద్దు" అన్నాడు.

మేమందరం మా బావ వైపు చూశాం. మాస్టారు మాత్రం తన బూట్ల వైపు చూసుకున్నారు.

విషయం చెప్పగానే అక్క కుర్చీలో కూలబడింది. ఆ వయసులో మా బావని ఇంకెవరూ పిలిచి ఉద్యోగమివ్వరు. ఊళ్ళో సంగీతమున్న ప్రతి గుమ్మానికీ ఆయన రీడు సంగతి తెలుసు. కానీ అక్క ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మర్నాడే వాద్యాల దుకాణానికి వెళ్ళి, రీడు చావకుండా ఉండే మందేమైనా ఉందా అని అడిగింది. దుకాణదారు లోపల్నుంచి ప్లాస్టిక్ రీడు తెచ్చి చూపించాడు. ఇది ఎండదు, నానదు, ఉబ్బదు, చీలదు, పళ్ళతో కొరికినా ఏమీ కాదన్నాడు.

మా బావ దాన్ని వేలి చివరతో ముట్టుకుని, "ఇది రీడు కాదు. కట్టుడు పన్ను" అన్నాడు.

"కట్టుడు పళ్ళతో అన్నం తినేవాళ్ళు లేరా?" అంది అక్క. "నేనిన్నాళ్ళూ మీ రీడులు నానిన గ్లాసుల్లో నీళ్ళు తాగాను. ఒక్కరోజు మీరు నా రీడుతో వాయించండి."

యజమాని వచ్చే రోజు ఉదయం అక్క ఇంట్లో ఉన్న రెల్లు రీడులన్నీ ఏరింది. గ్లాసుల్లోంచి, కోటు జేబుల్లోంచి, దిండు కింద నుంచి. అన్నీ ఒక డబ్బాలో పోసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్లాస్టిక్ రీడు తన చేత్తోనే వాద్యానికి బిగించింది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, నీ కళ్ళు డ్రమ్స్ మీద కాదు, ఆయన మీద ఉండాలి" అని హెచ్చరించింది. ఇక చావడానికి ఆయన దగ్గర రీడంటూ లేదు కాబట్టి నేను ధీమాగానే బయల్దేరాను.

యజమాని ముసలాయన. మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. మేనేజరు వెనక నిలబడి ఆయన మంచినీళ్ళ గ్లాసుని, మా బావని మార్చి మార్చి చూస్తున్నాడు. మేం మొదలుపెట్టాం. కట్టుడు పన్ను పనిచేసింది. మా బావ ఆ మధ్యాహ్నం వాయించిన తీరు చూస్తే, ఇన్నేళ్ళూ ప్లాస్టిక్ పెట్టుకుని ఉంటే ఎంతటివాడు అయ్యేవాడా అని లెక్కేసుకున్నాను. సూప్ వచ్చినా ఎవరూ ముట్టుకోలేదు. యజమాని చెంచా గాల్లోనే ఉంది. మేనేజరు మొహంలో కూడా కాస్త రంగు వచ్చింది.

నాలుగో ఐదో పాటలో, మా బావ చుట్టు మీద చుట్టు తిరుగుతున్నాడు. పియానో కాస్త తడబడింది. నేనేదో నాదే పొరపాటనుకుని గట్టిగా వాయించాను. అంతే, మా బావ ఆగిపోయాడు. శాక్సోఫోన్ దించి, చెయ్యెత్తి, నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

"క్షమించాలి. రీడు ఎండిపోయింది."

ప్లాస్టిక్ రీడు ఎండిపోవడమేమిటి? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరేమనుకుంటే నాకేం అని లేచి, ఆయన వెనకే పియానో దగ్గరికి వెళ్ళాను. నాలుగు మాటలు కడిగేద్దామనే వెళ్ళాను. ఆయన ఎప్పటిలాగే జనానికి వీపు పెట్టి, దీపం ముందు ఆ ప్లాస్టిక్ ముక్కని గంభీరంగా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఎఫ్ స్వరం నుంచి, మాస్టారూ. మొదటి లైను నేను ఊదుతాను, రెండో లైనులో మీరు కలవండి. కంగారేం లేదు. వాళ్ళు సూప్ తాగుతున్నారు."

మాస్టారి చేతులు మెట్లకి కాస్త పైన గాల్లో ఆగి ఉన్నాయి. ఏ మెట్టు మీద దిగాలో వాటికి తెలియడం లేదు. మా బావ రెండు స్వరాలు మెల్లగా గొంతులో పలికాడు. మాస్టారు తల ఊపారు. చేతులు దిగాయి.

నేను అనాలనుకున్న నాలుగు మాటలూ మింగేసి తిరిగొచ్చి డ్రమ్స్ వెనక కూర్చున్నాను. ముందు బల్లల వాళ్ళు నా వైపు ఆశగా చూశారు. ఆ రోజు నేను ఎవరినీ అనుకరించలేదు. ఇన్నాళ్ళ రీడు చావులన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. ప్రతిసారీ ముందు పియానో తడబడటం, తర్వాత రీడు పోవడం, తర్వాత ఆ దీపం. పక్కనే కూర్చుని ఇదంతా వినని నా చెవులు ఎందుకా అనిపించింది.

భోజనాలయ్యాక మేనేజరు నడవాలోకి పిలిచాడు. మా బావ వాదించలేదు, బతిమాలలేదు. "రీడండీ. ఏం చేస్తాం" అన్నాడు. మాస్టారు కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి, మేనేజరుతో, "బాబూ, అసలు తప్పు..." అని మొదలుపెట్టారు.

"మాస్టారూ, మీ సూప్ చల్లారిపోతోంది" అన్నాడు మా బావ, శాక్సోఫోన్ పెట్టె మూస్తూ.

ఇంటికెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూడగానే, కట్టుడు పన్ను కూడా ఊడిందా అని అడిగింది. మా బావ కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ రాగానే, అక్క ఈ సంగతి తనకైనా ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"నీకు చెప్తే నీకు జాలేస్తుంది. ఆయన్ని చూసే చూపు మారుతుంది. ఆ చూపు చూశారంటే ఆయన మర్నాటి నుంచి రారు" అన్నాడు. "రీడుకైతే ఏ చూపైనా ఒకటే."

అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం గ్రామఫోను కంపెనీ గుర్తొచ్చింది. అట్ట మీద ఇంకొకరి బొమ్మ, ఈయన త్యాగం, ఎంత పెద్ద మనసు అనుకున్నాను. రికార్డింగు రోజు కూడా మాస్టారి కోసమే ఆపావా బావా అని అడిగాను.

మా బావ నిజాయితీగా ఆలోచించాడు.

"లేదు. ఆ రోజు నిజంగానే రీడు."

"ఫ్యాక్టరీలో?"

"రీడే."

"నా పుట్టినరోజు?" అంది అక్క.

మా బావ తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. అక్క బీరువా తాళం తీసి, డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, "ఇదిగో మీ సంతానం" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడ గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత హోటల్లో మేం ముగ్గురమే. భోజనశాలలో జనం బుద్ధిగా తిని, బిల్లు కట్టి వెళ్ళిపోతున్నారు. ఎవరి చెంచా ఆగడం లేదు. ఆ నోట్లో పుల్లాయన ఏడీ అని వాడుక కస్టమర్లు మేనేజర్ని అడుగుతున్నారు. యజమాని కూడా మనిషిని పంపి అడిగించాడట. రీడు మార్చేటప్పుడు నమస్కారం పెట్టే ఆయన కావాలని. మేనేజరు ఆ సంగతి మాకు చెప్పలేదు కానీ, టై మాత్రం వదులు చేసుకుని తిరుగుతున్నాడు.

ఒక సాయంత్రం పాట సాఫీగా నడుస్తుండగా పియానో తడబడింది. ఈసారి నేను విన్నాను. మాస్టారి భుజాలు బిగుసుకున్నాయి. మేనేజరు తలుపు దగ్గరే ఉన్నాడు. చెయ్యెత్తడానికి మా బావ లేడు. పొడుగాయన నా వైపు చూశాడు. నేను చేతిలో కర్రని గాల్లోకి వదిలేశాను. అది డ్రమ్స్‌కున్న ఇత్తడి తాళం బిళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి ముందు బల్ల మీద సలాడ్ గిన్నెలో పడింది.

"క్షమించాలి," అన్నాను లేచి నిలబడి. "ఈ కర్ర బాగాలేదు."

ఇంకో కర్రని తిప్పి తిప్పి చూసుకుంటూ పియానో దీపం దగ్గరికి నడిచాను. కర్రని దీపం ముందు ఎందుకు పట్టుకోవాలో నాకే తెలియదు. వంగి, "ఎఫ్ నుంచి, మాస్టారూ" అన్నాను. ఆయన తల ఎత్తి నా కళ్ళలోకి చూసి, చిన్నగా నవ్వారు. నేనెవరినో మోసం చేస్తున్నానన్న భ్రమ ఆ నవ్వుతో పోయింది. ఆయనకి మొదటి నుంచీ అంతా తెలుసు.

అంతలో నా భుజం మీద ఒక చెయ్యి పడింది. మా బావ. అక్కతో కలిసి వెనక బల్ల దగ్గర కాఫీ తాగడానికి వచ్చాడట. కాఫీకి వచ్చిన మనిషి శాక్సోఫోన్ పెట్టె ఎందుకు తెచ్చుకున్నాడో నేను అడగలేదు. నోటి మూల రీడు నానుతూనే ఉంది.

"మనిషన్నాక తన తప్పు తను ఒప్పుకోవాలిరా" అన్నాడు నా చెవిలో, చాలా తీవ్రంగా. "ఊరికే కర్రని అంటావేంటి?"

బల్లల దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. పుల్లాయన వచ్చాడని ఎవరో అన్నారు. మేనేజరు రెండడుగులు ముందుకేసి, అన్ని మొహాలూ చూసి, ఆగిపోయి, పక్క బల్ల మీద గుడ్డ సరిచేయడం మొదలుపెట్టాడు. మా బావ తాపీగా వాద్యం తీసి, నోట్లోని రెల్లు రీడుని దానికి బిగించి, పియానో దీపం ముందు వంగి చూశాడు.

"రీడు ఎలా ఉందోయ్ ఇవాళ?" అని అడిగారు మాస్టారు.

"బాగానే ఉంది మాస్టారూ," అన్నాడు మా బావ. "కానీ దాన్ని నమ్మలేం."

"మంచిది" అన్నారు మాస్టారు, మెట్ల మీద చేతులు పెడుతూ.

నేను సలాడ్‌లోంచి నా కర్ర తీసుకుని, తుడుచుకుని, లెక్క మొదలుపెట్టాను.